ఒంటికంటి దుర్భిణిని ఎంచుకొను విధము

"దూరపు కొండలు నునుపు" అను సామెత నెఱుగనివారు మనలో లేరు. దూరముననున్న దాని నిజస్వరూపము కంటికి అందదని దాని భావము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల రైతునకు ఇది ప్రతిదినము అనుభవములోని విషయమే. మక్కచేను గుట్ట యంచున నుండును. తెల్లవాఱుజామున మసక వెలుతురులో ఆవలి గట్టుపై నల్లని దేదో కదలును. అది అడవిపందియా? ఎలుగుబంటియా? పలుపు తెంపుకొని వచ్చిన పొరుగువాని బఱ్ఱెయా? లేక వంగి కలుపు తీయుచున్న మనిషియా? పందియైన దూరమునుండి కేకలు వేసి తరుమవచ్చును. ఎలుగైనచో ఆ దరికి పోనేరాదు. బఱ్ఱెయైన యజమానునికి కబురు పంపవలెను. మనిషియైన పలుకరింపవలెను. నాలుగింటికి నాలుగు విధములైన పనులు. ఏది చేయదగినదో నిశ్చయించుటకు ముందు చూపు కావలెను.

పందుల బాధ పడలేక కొందఱు చేని చుట్టు కరెంటు తీగలు పఱచుచున్నారు. అది చట్టమునకు నేరము. అంతకంటె ఘోరమేమనగా, ఆ తీగ పందిని మనిషిని వేరుపఱచి చూడలేదు. రాత్రివేళ మడికి నీరు పెట్టవచ్చిన రైతులే దానికి బలియైన సంగతులు తెలంగాణమున పలుమాఱు జరిగినవి. తీగ పఱచుటకంటె మంచెపై కూర్చుండి, చూచి, తెలిసికొని, తరుముట మేలు. ఆ చూచు పనికి తోడ్పడు చిన్న పరికరమే ఒంటికంటి దుర్భిణి. ఇది పందులను ఆపదు, కోతులను బెదరింపదు. కాని ఏది ఎచ్చట నున్నదో, ఎన్ని యున్నవో, నిలుచున్న చోటనుండియే తెలుపును. మామిడితోటలో కోతిమూక ఏ చెట్టుపై దిగినదో, కొబ్బరిమట్టలపై కొమ్ముపురుగు కొట్టిన కత్తెర గుర్తులున్నవో లేదో, కాకతీయ కాలువ తూము తలుపు ఎత్తియున్నదో దించియున్నదో, వానకాలమున ఎగువ మానేరు మత్తడి దూకుచున్నదో లేదో, ఇవన్నియు అడుగు కదపకయే తెలిసికొనవచ్చును.

పంటల ప్రదర్శనకై గ్రామములలో తిరుగునపుడు రైతులు నన్నడుగు మొదటి ప్రశ్న, "సారూ, గిది ఎన్ని కిలోమీటర్లు కనవడ్తది?" అనునది. అంగడివారును ఈ ప్రశ్నకు తగినట్లే పెద్ద పెద్ద లెక్కలు చెప్పుదురు. కాని దుర్భిణికి దూరపు హద్దు లేదు. 3,84,000 కిలోమీటర్ల దూరముననున్న చంద్రుడు ఉత్తకంటికే కనబడుచున్నాడు గదా! అడుగవలసిన ప్రశ్న వేఱు: "ఎంత పెద్దదిగా చూపును? ఎంత వెలుతురుతో చూపును? ఎంత నిలకడగా చూపును?"

దుర్భిణి క్రొత్త వస్తువు కాదు. 1608లో హాలెండు దేశమున కండ్లద్దములు చేయు హాన్స్ లిపర్షే యనునాతడు దీనిపై హక్కుపత్రము కోరెను. మఱుసటి సంవత్సరము ఇటలీలో గెలీలియో తానుగా నొకటి చేసి వెనిసు నగరపు పెద్దలకు చూపెను. రేవునకు వచ్చు ఓడలు ఉత్తకంటికి కనబడుటకు రెండు గంటలు ముందుగానే దానిలో కనబడునని ఆయన చెప్పెను. అంతటి ఆశ్చర్యమును గొలిపిన ఆ దుర్భిణి వస్తువును ఇంచుమించు ఎనిమిది రెట్లు మాత్రమే పెద్దదిగా చూపినది. ఇక మన హైదరాబాదులో నవాబు జఫర్ జంగు 1901లో స్థాపించిన నిజామియా వేధశాల 15 అంగుళముల గ్రబ్ దుర్భిణికి పేరుపడినది. ఆ 15 అంగుళములు ముందద్దము వెడల్పు. నక్షత్రములు చూచువారు దుర్భిణి గొప్పతనమును రెట్లతో చెప్పరు, అద్దము వెడల్పుతో చెప్పుదురు. వెలుతురును పట్టునది ఆ వెడల్పే. రైతునకును ఇదే సూత్రము.

దుర్భిణిపై 8×42 అనియో, 10×25 అనియో రెండంకెలు వ్రాసియుండును. మొదటి యంకె రెట్లు. ఎనిమిది రెట్లనగా 800 మీటర్ల దూరముననున్న ఎద్దు 100 మీటర్ల దూరముననున్నట్లు కనబడును. రెండవ యంకె ముందద్దము వెడల్పు, మిల్లీమీటర్లలో. ఇప్పుడు రెండవదానిని మొదటిదానితో భాగింపుడు. 42ను 8తో భాగించిన 5¼ వచ్చును. కంటివైపునుండి వెలువడు వెలుతురుబిళ్ల వెడల్పు అన్ని మిల్లీమీటర్లు. మన కంటిపాప పట్టపగలు 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే తెఱచుకొనును. చీకటిలో పడుచువారికి 7 మిల్లీమీటర్ల దాక విచ్చుకొనును. వయసు మీఱినకొలది అది తగ్గి 5 మిల్లీమీటర్ల దరికి వచ్చును. కావున పట్టపగలు మాత్రమే చూచువానికి 2½ మిల్లీమీటర్ల బిళ్లనిచ్చు 10×25 చాలును. అది జేబులో నిముడును, తేలికగా నుండును. కాని పందులు పట్టపగలు రావు. ప్రొద్దుగూకు వేళను, తెల్లవాఱుజామునను చూడవలసినవానికి 8×42 వంటిదే తగును.

ఈ లెక్క తెలిసిన పిదప 40×60 అని వ్రాసి చౌకగా అమ్ము సరకు సంగతి తనంతట తెలియును. 60ని 40తో భాగించిన 1½. ఆ వ్రాసిన అంకెలు నిజమేయైనచో పగటివేళ సైతము బొమ్మ మసకగా నుండును. తఱచుగా ఆ అంకెలే నిజము కావు. రెట్లను మార్చుటకు మీట గల దుర్భిణులును చేతిలో పట్టుకొని చూచువానికి పనికిరావు. రెట్లు పెంచినకొలది వెలుతురు తగ్గును, కనబడు మేర ఇఱుకగును.

రెట్లు పెరిగిన మఱియొక కీడు గలదు. వస్తువు ఎన్ని రెట్లు పెరుగునో చేతి వణకును అన్ని రెట్లు పెరుగును. నాగలి పట్టిన గట్టి చేయియైనను గుండె కొట్టుకొనునపుడు కొంచెము అదరును. ఎనిమిది రెట్ల వఱకు ఈ అదరును కన్ను సహించును. పది రెట్లు దాటిన కాళ్లపీట లేక పని జరుగదు. మోచేతులు మంచె కఱ్ఱపై ఆనించినను, చెట్టుబోదెకు భుజము చేర్చి నిలుచున్నను చూపు చాల కుదురుకొనును. ఇక మన ఎండకాలపు సంగతి చెప్పనక్కఱలేదు. మధ్యాహ్నము కాగిన నేలపైని గాలి నీటివలె కదలాడును. ఆ వేళ రెట్లు పెంచిన కదలాట పెరుగునే గాని వస్తువు స్పష్టము కాదు. ఎంత ధర పెట్టినను ఈ లోపము తీరదు. ప్రొద్దుటి చల్లని గాలియే మంచి చూపునకు తగిన కాలము.

కనబడు మేర యెంతయో కూడ చూడవలెను. పెట్టెపై 1000 మీటర్ల దూరమున ఎన్ని మీటర్ల వెడల్పు కనబడునో వ్రాసియుండును. ఎనిమిది రెట్లదానిలో 120 మీటర్లకు తగ్గకున్న మంచిది. డిగ్రీలలో వ్రాసియున్నచో ఒక్కొక్క డిగ్రీకి 17½ మీటర్లు లెక్కింపుడు. మేర ఇఱుకైనచో పరుగెత్తు పందిని వెదకి పట్టుకొనులోపల అది గుట్టనెక్కిపోవును.

లోపలి గాజు సంగతి పైకి కనబడదు, ధర మాత్రము దానిపైననే ఆధారపడియుండును. పూత లేని గాజు తన ప్రతి ముఖమునను నూటికి 4 వంతుల వెలుతురును వెనుకకు త్రిప్పివేయును. వెలుతురు పది ముఖములు దాటునప్పటికి మూడింట నొకవంతు నష్టమగును. అందుచే అద్దములన్నింటికి పలుపొరల పూత గలదాని నడుగవలెను. తలక్రిందుగా పడు బొమ్మను నిలువుగా త్రిప్పుటకు లోపల పట్టకము లుండును. వీనిలో బాక్-4 అను గాజు మేలైనది, బీకే-7 అనునది దానికి తరువాతిది. వీనిని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష గలదు. దుర్భిణిని చేయి చాచి వెలుతురుగల ఆకాశమువైపు పట్టి, కంటివైపు అద్దములోని వెలుతురుబిళ్లను చూడుడు. అది నిండుచంద్రునివలె గుండ్రముగా నున్న మంచి గాజు. అంచులు కోసినట్లు నలుపలకలుగా నీడ తేలిన తక్కువ రకము.

అంగడిలో ఇంకను మూడు పరీక్షలు చేయుడు. వీధి చివరనున్న అక్షరములను చదువుడు. నడుమనే కాక అంచున కూడ ఎంతవఱకు స్పష్టముగా నున్నవో చూడుడు. ఆకాశము ముందరి నల్లని కొమ్మను చూడుడు. దాని అంచుల ఊదా, పసుపు రంగులు దట్టముగా కనబడిన అద్దము మంచిది కాదు. స్పష్టతను కుదుర్చు ఉంగరమును ఒక వ్రేలితో త్రిప్పుడు. అది వదులుగాను ఉండరాదు, బిగిసియు ఉండరాదు. సాధ్యమైనచో ప్రొద్దుగూకు వేళకే అంగడికి పొండు; దీపము క్రింద అన్నియు బాగుగనే యుండును. కండ్లద్దములు ధరించువారు వానిని తీయకయే చూడవలెను. అందులకు కంటికిని అద్దమునకును 15 మిల్లీమీటర్లకు తగ్గని ఎడముంచునట్టి దుర్భిణి కావలెను. లేనిచో బొమ్మ చుట్టు నల్లని వలయము మూసివేయును.

రెండు కండ్ల దుర్భిణి మేలు కాదా యని యడుగవచ్చును. చాలసేపు విడువక చూచువానికి అదియే సుఖము. ఒంటికంటిది కన్నును త్వరగా అలయించును. కాని ఒంటికంటిదాని బరువు ఇంచుమించు సగము, ధరయు తక్కువ. రెండవచేత కఱ్ఱయో, దీపమో పట్టుకొనవచ్చును. ఒకరినుండి యొకరు అందుకొని చూచుటకు ఉంగరమును త్రిప్పిన చాలును. మంచె కాపునకు ఇదియే తగినది. కాని నల్లని చీకటిలో ఏ మామూలు దుర్భిణియు పనిచేయదు; ఉన్న వెలుతురును పోగుచేయునే గాని లేనిదానిని పుట్టింపదు.

రెండు హెచ్చరికలు. దుర్భిణితో సూర్యుని వైపు ఎన్నడును చూడరాదు. క్షణములో కన్ను శాశ్వతముగా పోవును. పిల్లల చేతికి ఇచ్చునపుడు ఈ మాట తప్పక చెప్పవలెను. రెండవది, చూపునకు మర్యాద యుండవలెను. మన చేనిని కాచుటకు కొన్నది పరుల వాకిళ్లవైపు తిరుగరాదు.

కల్లపు దుమ్ము అద్దమున కెల్ల శత్రువు. ముందు దుమ్మును ఊది, పిదప మెత్తని శుభ్రమైన గుడ్డతో తుడువవలెను. భుజముపై తువ్వాలతో రుద్దిన గీతలు పడును. వానకాలమున లోపల బూజు పట్టును గనుక తడి చొరనిది, లోపల నైట్రోజను వాయువు నింపినది కొనుట మంచిది. ఇంకొక లాభము కూడ గలదు. దుర్భిణిని తిరుగవేసి, కంటివైపు అద్దమును మిరపాకునకు ఒకటి రెండు సెంటీమీటర్ల దగ్గఱగా పట్టి ముందద్దమునుండి చూచిన, అది పెద్ద భూతద్దమగును. ఆకు అడుగున దాగిన తామరపురుగు కనబడును. దూరపు దొంగను, దగ్గఱి దొంగను ఒక్క పరికరమే పట్టించును.

ప్రతి రైతు దీనిని కొనవలెనని నా యభిప్రాయము కాదు. గుట్టకు చేరువనున్న పది చేలవారు కలిసి మంచిదాని నొకటి కొని, వంతుల ప్రకారము మంచె కాచిన, ఒక్కొక్కరికి పడు ఖర్చు స్వల్పము. ఒక్కొక్కరు చౌకబారు సరకు కొని పది నాసి దుర్భిణులు చేర్చుటకంటె పదిమందికి ఒక్కటి మేలైనది లాభము. ఎవరికడ నున్నదో సంఘపు పుస్తకములో వ్రాసియుంచిన తగవు రాదు. కొనబోవునపుడు మాత్రము పదిమందిలో ఎవరి చూపు తక్కువయో వారిని వెంట తీసికొనిపొండు. ప్రొద్దు వాలిన వేళ ఆ కంటికి స్పష్టముగా కనబడినది అందఱికిని కనబడును.