మిగిలిపోయిన డికాక్షన్

నల్గొండ గడియారం సెంటర్‌లో తెల్లవారుజామునే చాయ్ కొట్ల పొయ్యిలు వెలుగుతాయి. మహబూబ్‌నగర్ బస్టాండు చుట్టూ కూడా అంతే. అక్కడ నిలబడి ‘ఒక చాయ్’ అంటే అర నిమిషంలో గ్లాసు చేతికొస్తుంది. ‘కాఫీ ఉందా?’ అంటే మాత్రం కొట్టాయన ఒక క్షణం ఆగుతాడు. తర్వాత, తీగకు వేలాడుతున్న సాచెట్ల దండలోంచి ఒకటి చించి, వేడి పాలలో గిలక్కొట్టి ఇస్తాడు. ఫిల్టర్ కాఫీ కావాలంటే ఏ టిఫిన్ సెంటరో వెతుక్కోవాలి.

దీనికి చరిత్రను కారణంగా చెప్పడం మామూలు. కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి కాఫీ అలవాటు చేసుకున్నాయి. ఈ రెండు జిల్లాలూ నిజాం ఏలుబడిలో ఉండి చాయ్‌కి అలవాటు పడ్డాయి. ఆ మాట నిజమే. కానీ అలవాటు ఒక్కటే కారణమైతే, ఊళ్లు ఇంత మారిన తర్వాత, ఉద్యోగులూ విద్యార్థులూ ఇన్ని చోట్ల నుంచి వచ్చి చేరిన తర్వాత, ఒకరిద్దరైనా ధైర్యం చేసి కాఫీ కొట్టు పెట్టి నిలదొక్కుకోవాలి కదా. అది అంత తేలిక కాకపోవడానికి కారణం త్రాసు మీద కనిపిస్తుంది.

ఒక గ్లాసు చాయ్‌కి రెండు, రెండున్నర గ్రాముల పొడి చాలు. 1930ల్లో అస్సాంలో పుట్టిన సీటీసీ యంత్రం తేయాకును నలిపి, చింపి, చుట్టి చిన్న చిన్న గుళికలుగా చేస్తుంది. ఆకు కణాలు పూర్తిగా చితికిపోవడం వల్ల మరుగుతున్న నీటిలో రంగూ వగరూ నిమిషాల్లో దిగిపోతాయి. కాఫీ కథ వేరు. ఒక కప్పు ఫిల్టర్ కాఫీకి ఏడెనిమిది గ్రాముల పొడి కావాలి. వేయించిన కాఫీ గింజలో నీటిలో కరిగే పదార్థం సుమారు 30 శాతమే. అందులోనూ రుచిగా ఉండేది 18 నుంచి 22 శాతం వరకు దిగిన భాగమని, అంతకు మించి పిండితే చేదు మిగులుతుందని, 1950ల్లో అమెరికా శాస్త్రవేత్త లాక్‌హార్ట్ చేసిన పరిశోధనల నుంచి లెక్క స్థిరపడింది. అంటే ఎనిమిది గ్రాముల పొడి వేస్తే ఒకటిన్నర గ్రాముల పైచిలుకు డికాక్షన్‌లోకి దిగుతుంది. మిగిలిందంతా పిప్పి. అసలు నష్టం అంతకు ముందే మొదలవుతుంది: వంద కిలోల పచ్చి గింజను వేయిస్తే తేమ, వాయువులు పోయి ఎనభై, ఎనభై ఐదు కిలోలే చేతికొస్తాయి. ఆ పోయిన బరువుకు కూడా కొనేవాడే డబ్బు కడతాడు.

ఇప్పుడు ధరలు పెట్టి చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న ఉజ్జాయింపు సంఖ్యలు. ఎవరి ఊరి ధర వారు వేసుకోవచ్చు. చాయ్ పొడి కిలో 400 రూపాయలనుకుంటే గ్లాసుకు పడేది రూపాయి. కాఫీ పొడి కిలో 800 అనుకుంటే కప్పుకు ఎనిమిది గ్రాములు, అంటే 6 రూపాయల 40 పైసలు. పాలు 70 మిల్లీలీటర్లు, లీటరు 60 చొప్పున 4 రూపాయల 20 పైసలు. చక్కెర 36 పైసలు, పేపర్ కప్పు 60 పైసలు, గ్యాస్ 70 పైసలు. మొత్తం 12 రూపాయల 26 పైసలు. కప్పు 20కి అమ్మితే మిగిలేది 7 రూపాయల 74 పైసలు. ఇది లాభం కాదు. కిరాయి, జీతం, కరెంటు, అప్పు అన్నీ ఇందులోంచే కట్టుకోవాలి.

పొడి ఖర్చు తగ్గించే పాత ఉపాయం చికోరీ. గుజరాత్‌లోని జామ్‌నగర్, ఉత్తరప్రదేశ్‌లోని ఎటా వైపు పండే ఈ దుంపలో ఇనులిన్ అనే పిండి పదార్థం ఎక్కువ. వేయిస్తే పాకంలా మాడి నల్లబడుతుంది, నీటిలో కాఫీ కన్నా చాలా ఎక్కువగా కరుగుతుంది. అందుకే చికోరీ కలిపిన డికాక్షన్ చిక్కగా, నల్లగా దిగి కళ్లకు నిండుగా కనిపిస్తుంది. కెఫీన్ మాత్రం చుక్క కూడా ఉండదు. మన ఆహార ప్రమాణాల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, పాళ్లు పొట్లం మీద రాసి ఉండాలి. నేను చికోరీని తప్పుపట్టను. పాలతో తాగే కాఫీకి దాని వగరు బాగానే నప్పుతుంది. ఎంత కలిసిందో తాగేవాడికి తెలియనప్పుడే పేచీ.

రెండో ఉపాయం ఆ తీగకు వేలాడే సాచెట్. ఫ్యాక్టరీలో కాఫీ పొడిని ఒత్తిడి కింద, నీటి మరుగు స్థానానికి చాలా పైన ఉండే వేడిలో ఉడికిస్తారు. ఇంటి ఫిల్టర్‌లో కరగని పిండి పదార్థాలు కూడా అక్కడ విరిగి నీటిలోకి వస్తాయి. ఆ ద్రవాన్ని ఆరబెడితే ఇన్‌స్టంట్ కాఫీ. కిలో తయారు కావడానికి సుమారు రెండున్నర కిలోల పచ్చి గింజ పడుతుంది. తెలుగు నేల మీద గుంటూరు ప్రాంతపు దుగ్గిరాలలో చల్లా రాజేంద్రప్రసాద్ నెలకొల్పిన సీసీఎల్ కర్మాగారం 1990ల నుంచి ఈ పనే చేస్తూ ప్రపంచానికి ఎగుమతి చేస్తోంది. కొట్టాయనకు ఇందులో కలిసొచ్చేది ధర ఒక్కటే కాదు. రెండు గ్రాముల పొడి అడిగినప్పుడే విప్పుతాడు, అడగకపోతే అలాగే వేలాడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇన్‌స్టంట్ కాఫీ మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. రిజిస్ట్రేషన్ లేని చిన్న కొట్టు కట్టిన పన్నును వెనక్కి రాబట్టుకోలేదు కనుక ఆ తగ్గింపు ధరలో కనిపిస్తే నేరుగా గల్లాకే చేరుతుంది.

డికాక్షన్‌కి ఆ ఓపిక లేదు. పొద్దున దిగిన డికాక్షన్‌లోని సువాసన ద్రవ్యాలు గంటలోపే గాలిలో కలుస్తాయి. వేడి మీదే ఉంచితే క్లోరోజెనిక్ ఆమ్లం నుంచి పుట్టిన పదార్థాలు విడిపోయి క్వినిక్ ఆమ్లం పెరుగుతుంది. నాలుక మీద పులుపు, నోరు పట్టేసే వగరు. కాఫీ తెలిసిన మనిషి పదకొండింటికి వచ్చి ఆ కప్పు తాగితే మళ్లీ రాడు. పారబోస్తే ఏమవుతుంది? ఇరవై కప్పులకని 160 గ్రాముల పొడి వేశాడనుకోండి. గిరాకి పన్నెండే వచ్చింది. అప్పుడు కప్పుకు పడింది ఎనిమిది గ్రాములు కాదు, 13 గ్రాముల పైన. పొడి ఖర్చు 6 రూపాయల 40 పైసల నుంచి 10 రూపాయల 67 పైసలకు ఎక్కింది. మిగులు సగానికి పైగా కొట్టుకుపోయింది.

మొత్తం చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వందమంది కాఫీ అడిగే విజయవాడలో పదిమంది అటూ ఇటూ అయినా డికాక్షన్ అమ్ముడైపోతుంది. పదిహేనుమంది అడిగే ఊళ్లో ఈరోజు ఎనిమిది, రేపు ఇరవై రెండు. గిరాకి చిన్నదయ్యే కొద్దీ దాని ఊగిసలాట పాలు పెరుగుతుంది. గణాంక శాస్త్రంలో మొదటి పాఠాల్లో ఒకటిది. కాఫీ తాగేవారు తక్కువ కనుక వృథా ఎక్కువ, వృథా ఎక్కువ కనుక ధరో పులుపో ఎక్కువ, అందువల్ల తాగేవారు ఇంకా తక్కువ. చాయ్ పొయ్యి మీద ఈ చక్రం తిరగదు. గిన్నె అయిపోతే ఐదు నిమిషాల్లో ఇంకో గిన్నె.

వృథా అసలే లేదనుకుని, నెల ఖర్చుల లెక్క చూద్దాం. కిరాయి 10,000, పనిమనిషి జీతం 12,000, కరెంటు, నీళ్ల క్యాన్లు 4,000, అప్పు వాయిదా 4,000; మొత్తం 30,000. కప్పుకు 7.74 మిగులుతుంది కనుక రోజుకు 129 కప్పులు అమ్మితే లెక్క సరి. చాలామంది ఇక్కడితో ఆగుతారు. ఉదయం నాలుగింటికి లేచి రాత్రి దాకా నిలబడే యజమాని జీతం ఈ లెక్కలో లేదు. మహబూబ్‌నగర్ నుంచి ముంబయికో హైదరాబాద్‌కో పనికి పోయినా నెలకు 15,000 వస్తుందనుకుంటే, ఆ మాత్రమైనా ఇక్కడ రావాలి. అప్పుడు కావలసినవి రోజుకు 194 కప్పులు. ఈ రెండు సంఖ్యల మధ్య, 129కీ 194కీ నడుమ, ఎన్నో కొట్లు ఏళ్ల తరబడి బతుకుతాయి. గల్లాలో డబ్బు ఆడుతుంటుంది, నష్టం కనబడదు, ఇల్లు మాత్రం గడవదు.

పాల ధర లీటరుకు నాలుగు రూపాయలు పెరిగితే 194 కాస్తా 201 అవుతుంది. పాల ధర పెరిగిందని అందరూ వాపోతారు గానీ అది ఏడు కప్పుల బాధ. కాఫీ పొడి 800 నుంచి 1,000కి పోతే 194 ఏకంగా 244 అవుతుంది. అదేమీ ఊహ కాదు. బ్రెజిల్‌లో కరువు, వియత్నాంలో దిగుబడి తగ్గడం కలిసి 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరాబికా ధర పౌనుకు నాలుగు డాలర్లు దాటింది. ఈ శతాబ్దం మొదట్లో అదే కాఫీ అర డాలరుకు కూడా పలకని రోజులున్నాయి. 1990ల మధ్య వరకు మన దేశంలో పండిన కాఫీని కాఫీ బోర్డు ఉమ్మడిగా సేకరించి అమ్మేది. ఆ పద్ధతి పోయాక, పంటలో అధిక భాగం ఎగుమతి అవుతుండటంతో, అరకు గిరిజన రైతు అమ్మే ధరా మహబూబ్‌నగర్ కొట్టాయన కొనే ధరా రెండూ న్యూయార్క్, లండన్ వైపే చూస్తున్నాయి. రైతుకు పండగైన ఏడాది కొట్టుకు పస్తు. కప్పు ధర రెండు రూపాయలు పెంచగలిగితే 194 నుంచి 154కి దిగొచ్చు. పక్క కొట్టులో చాయ్ పదికే దొరుకుతుంటే ఆ రెండు రూపాయలు అడగడానికి నోరు రాదు.

గ్యాస్ విషయంలో భౌతికశాస్త్రం సూటిగా పనికొస్తుంది. లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 314 కిలోజౌళ్లు చాలు. ఆ లీటరును ఆవిరిగా మార్చాలంటే 2,257 కిలోజౌళ్లు, అంటే ఏడు రెట్లు. మంటలో సగం కన్నా తక్కువే గిన్నెకు చేరుతుంది కనుక, మరిగించడానికి పదిహేను గ్రాముల గ్యాస్ పడితే, ఆవిరి చేయడానికి 110 గ్రాములు పడుతుంది. 19 కిలోల సిలిండర్ 2,000 అనుకుంటే మొదటిది రూపాయిన్నర, రెండోది పదకొండున్నర. మూత లేని గిన్నెలో రోజంతా పొగలు కక్కే పాలు చూడముచ్చటగా ఉంటాయి. దారిన పోయేవారిని పిలుస్తాయి కూడా. రోజుకు మూడు లీటర్లు అలా ఆవిరైతే నెలకు వెయ్యి రూపాయలు. దాన్ని ప్రకటన ఖర్చు అనుకుంటే సరే, కానీ అనుకుని పెట్టాలి.

ఇక నీళ్లు. కాఫీ కప్పులో పాలను కూడా కలుపుకుంటే నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే, నల్గొండలో నీరంటే ఫ్లోరైడ్ గుర్తుకు రాకుండా ఉండదు. ఇక్కడి గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి దిగుతుంది. మర్రిగూడ వైపు పల్లెల్లో వంగిపోయిన ఎముకలు దాని సాక్ష్యం. పటిక, సున్నం వేసి దాన్ని అడుగుకు దించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. రాష్ట్ర తాగునీటి పథకపు పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించడం కూడా ఈ నేపథ్యంలోనే. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందనుకోవడం పొరపాటు. నీరు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన దానిలో గాఢత పెరుగుతుంది. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో దాచుకుంటుంది కనుక చాయ్ ఆ భారానికి తన వంతు కలుపుతుంది. కాఫీ గింజలో అది చాలా తక్కువ. ఈ సంగతి ఎవరూ బోర్డు మీద రాసి కాఫీ అమ్మినట్టు నేను చూడలేదు. బోరు నీటిలో ఎక్కువగా ఉండే బైకార్బనేటు కాఫీలోని సున్నితమైన ఆమ్లాలను చంపేసి రుచిని చప్పగా చేస్తుంది. కఠిన జలమైతే బాయిలర్ గోడకు తెల్లటి పొర కట్టి వేడిని అడ్డుకుంటుంది. అందుకే క్యాన్ నీళ్ల ఖర్చును దండగ కింద రాయకూడదు.

పెట్టుబడి దగ్గర లెక్క మరీ మోటుగా ఉంటుంది. రోజువారీ ఫైనాన్స్‌లో 10,000 రాసుకుని చేతికి 9,000 ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తగ్గుతూ ఉంటుంది కనుక సాలుకు లెక్కిస్తే వడ్డీ 75 శాతం దాటుతుంది. 2020లో మొదలైన పీఎం స్వనిధి వంటి పథకాల్లో వీధి వ్యాపారులకు పూచీకత్తు లేకుండా వడ్డీ రాయితీతో అప్పు దొరుకుతుంది. అయినా ఫైనాన్స్ వాడు కొట్టు దగ్గరికే వస్తాడు, బ్యాంకు రాదు. పక్కన ఉద్దెర పుస్తకం ఉండనే ఉంది. ఆఫీసు వాళ్ల నెల ఖాతా 3,000 బాకీ ఉంటే, కొట్టాయన వాళ్లకు వడ్డీ లేకుండా అప్పిచ్చి, తాను ఫైనాన్స్ వాడికి వడ్డీ కడుతున్నాడన్నమాట.

ఇన్ని తెలిశాక ఈ మెట్ట జిల్లాల్లో కాఫీ ఎక్కడ నిలబడుతుందో ఊహించడం కష్టం కాదు. విజయవాడ దారిలో 65వ నంబరు, బెంగళూరు దారిలో 44వ నంబరు జాతీయ రహదారుల మీద కాఫీ అడిగే ప్రయాణికులు దొరుకుతారు. అక్కడి కిరాయిలూ ఆ సంగతి తెలిసినట్టే ఉంటాయి. ఊళ్లో అయితే టిఫిన్ సెంటరే. ఇడ్లీ, దోసె అమ్మకమే కిరాయినీ జీతాలనూ మోస్తుంది, కాఫీ మీద ఆ బరువు పడదు. ఏడు నుంచి పది దాకా గిరాకి ఒకేచోట కుదురుతుంది కనుక ఊగిసలాట తక్కువ. అలాంటి చోట పదింపావుకు వెళ్లి కాఫీ అడిగితే, లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు మధ్య, గల్లా దగ్గరి మనిషి తల ఎత్తకుండానే చెబుతాడు: “కాఫీ అయిపోయింది సార్, చాయ్ ఉంది.”