సూరత్ నగరమును ఎలుకల తిండియు

1994వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, తపతీ నది వరద తీసిన పిదప, గుజరాత్ రాష్ట్రమందలి సూరత్ నగరములో ఊపిరితిత్తుల ప్లేగు పొడసూపినది. దేశమంతటను మృతులు 60 మందికి మించలేదు. కాని కొలది దినములలోనే లక్షలాది జనులు ఊరు విడిచిరి. కొందరు వైద్యులు తలుపులకు తాళములు వేసి పోవుట చూచి రోగులు బెదరిరి. వారిని చూచి ఇరుగుపొరుగువారు మూటలు కట్టిరి. భయము భయమును పెంచినది.

ప్రకృతిలో ఇట్టి చక్రములు రెండు విధములు. ఒకటి పెరిగినదానిని మరింత పెంచునది. రెండవది పెరిగినదానిని తగ్గించి, తగ్గినదానిని పెంచి, తొంటి స్థితికి తెచ్చునది. ఎలుకల సంఖ్య ఈ రెండవదానికి లోబడును. పేటలో తిండి ఎన్నింటికి చాలునో సుమారుగా అన్నియే నిలుచును. బోనులు పెట్టి సగము చంపినచో, మిగిలినవానికి తలకు రెట్టింపు తిండి దొరకును. ఆడ ఎలుక చూలు మోయునది మూడు వారములే! అమెరికాలోని బాల్టిమోరు నగరమున పరిశోధకులు కొన్ని ఎలుకలను పట్టి తొలగింపగా, మిగిలినవానిలో చూలుతోనున్నవి హెచ్చినవి. చచ్చిన ఎలుకలను లెక్కించి సంతసించువారికి ఈ సంగతి రుచింపదు.

ప్లేగు వేళ తొందరపడి ఎలుకలను చంపుట మరియు ప్రమాదకరము. వాని బొచ్చులో రెక్కలు లేని చిన్న పురుగులు నివసించును. ప్లేగు క్రిములు ఆ పురుగు అన్నమార్గమున పెరిగి దారి మూసివేయును. పీల్చిన రక్తము లోనికి దిగదు, ఆకలి తీరదు. అది మరల మరల కుట్టును. కుట్టినపుడెల్ల క్రిములను గాయములోనికి కక్కును. ఎలుక చచ్చి చల్లబడగనే ఈ పురుగులు మనుష్యులను ఆశ్రయించును. కావుననే ముందుగా కన్నములలో పురుగులమందు చల్లి, పిదప ఎలుకలను పట్టవలెను. చచ్చిన ఎలుకను వట్టి చేతులతో తాకరాదు. ఆరోగ్య సిబ్బందికి తెలుపవలెను.

సూరత్‌లో 1995లో పురపాలక కమీషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు ఎలుకల తిండి మీదనే, అనగా చెత్త మీదనే, దృష్టి నిలిపెను. అధికారులు ఉదయము కార్యాలయమునకు గాక వీధులకు పోవలసివచ్చెను. ముఖ్య వీధులను రాత్రులు గూడ ఊడ్చిరి. వీధిలో చెత్త వేసినవారికి జరిమానా పడెను. 1996లో ఇంటాక్ సంస్థ సూరత్‌ను దేశమున రెండవ పరిశుభ్ర నగరముగా పేర్కొనినది.

ఇంటిలోనైనను క్రమమిదియే: మొదట ధాన్యపు డబ్బాలకు బిగువైన మూతలు, పెరటిలోని ఎంగిలాకుల తొలగింపు, బోను ఆ తరువాత.