టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనుల పంపకము

మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము ఆంధ్ర, ఒడిశా రాష్ట్రముల ఉమ్మడి సొత్తు. 1955లో అచట విద్యుదుత్పాదనము మొదలయ్యెను. ఇట్టి కేంద్రములందు టర్బైను వేగమును కాచు గవర్నరు క్షణమైనను విశ్రమింపదు. దోషము కనబడగనే తీగను విడదీయు రిలే ఎవరి యనుమతికిని వేచియుండదు. లెక్కలు వ్రాయుపని మాత్రము తీరికనుబట్టి సాగును. టెలిఫోను ఎక్స్ఛేంజిలోని సాఫ్ట్‌వేరును ఇదే నీతిపై నిర్మింపబడినది.

భారత ప్రభుత్వము 1984లో స్థాపించిన సీ-డాట్ సంస్థ 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజిని రూపొందించి, 1986లో కర్ణాటకములోని కిత్తూరునందు నెలకొల్పెను. గదిని చల్లబరచు యంత్రముతో దానికి పనిలేదు. ఆ సంస్థవారి పెద్ద ఎక్స్ఛేంజీలలో సాఫ్ట్‌వేరు పలు విభాగములుగా నుండును: పిలుపులను నడుపునది యొకటి, దోషములను కనిపెట్టునది యొకటి, చందాదారుల వివరములను భద్రపరచునది వేరొకటి. వీనికన్నిటికిని ప్రాసెసరు కాలమును పంచిపెట్టునది ఆపరేటింగు సిస్టము.

ఈ విభాగములలోని ప్రక్రియలు రెండు తెఱగులు. మన పెద్దలు కర్మలను నిత్యములు, నైమిత్తికములు అని విభజించిరి. ఆ పేర్లే వీనికిని చక్కగా నొప్పును. యంత్రము మేల్కొనినది మొదలు ఆగువఱకు జీవించునవి నిత్యములు. ఒక పిలుపు నిమిత్తముగా పుట్టి, దానితో నశించునవి నైమిత్తికములు. చందాదారుడు రిసీవరెత్తగనే అతని పక్షమున నొక ప్రక్రియ జనించును. పిలువబడినవాని పక్షమున మఱియొకటి. రెండును సందేశములతో మాటలాడుకొని మార్గము నేర్పరచును. సంభాషణ ముగియగనే రెండును తొలగి, తాము వాడిన మెమరీని తిరిగి యప్పగించును.

ఏ పని ముందు? పాత డయలు సెకనుకు సుమారు 10 తాడనములు పంపును. వానిని లెక్కించుటలో జాగు జరిగినచో అంకె తప్పిపోవును. కావున లైన్లను చూచుపని ప్రధాన ప్రాసెసరుపై పడక, ప్రత్యేకమైన చిన్న ప్రాసెసర్లకు అప్పగింపబడినది. బిల్లు వ్రాయుట కొంత ఆగవచ్చును. తీరికవేళల పరీక్షలు మఱికొంత ఆగవచ్చును. తుపానువంటి విపత్తునందు పిలుపులు వెల్లువెత్తినపుడు ఎక్స్ఛేంజి క్రొత్తవానిని కొన్నిటిని నిరాకరించి, నడుచుచున్నవానిని కాపాడును. అందఱికిని ఇయ్యబోయి అందఱిని చెఱచుకొనుటకంటె ఇది మేలు.

ఒక ప్రక్రియ చెడినచో నేమగును? స్వీడనునందలి ఎరిక్‌సన్ సంస్థలో 1986లో జో ఆర్మ్‌స్ట్రాంగు ప్రభృతులు ప్రారంభించిన ఎర్లాంగు భాష దీనికి స్పష్టమైన సమాధానము చెప్పెను. ఏ ప్రక్రియయు మఱొకదాని మెమరీని తాకరాదు. చెడినదానిని పర్యవేక్షక ప్రక్రియ గుర్తించి, క్రొత్తదానిని నిలుపును. ఒక పిలుపు తెగినను తక్కినవి నిలుచును.

2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగుడలో ప్రారంభింపబడిన బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీ వ్యవస్థకు కేంద్రభాగమును సీ-డాట్ సమకూర్చినది. 4జీలోను ఫోను జాడ తెలిసికొనుట యొక విభాగము పని, చందాదారుని వివరములు దాచుట వేరొకదాని పని, సమాచారమును మోయుట ఇంకొకదాని పని. కొండపల్లెలో ప్రసవవేదనపడు తల్లికొఱకు 108కు చేయు పిలుపు, ఎచటనో చెడిన మఱొక పనివలన ఆగిపోరాదు. ఈ పంపకమునకు పరమప్రయోజన మదియే.