కొండవాలున కార్చిచ్చు

వానప్రస్థమందున్న ధృతరాష్ట్రుని గంగాతీరారణ్యమున దావానలము చుట్టుముట్టెను. వృద్ధరాజు, గాంధారి, కుంతి కదలక కూర్చుండి అగ్నికి ఆహుతియైరి. రాజాజ్ఞను తలదాల్చి సంజయుడొక్కడు బయటపడి హిమాలయములకు పోయెను. ఆశ్రమవాస పర్వమందలి యీ ఘట్టమును చదివినప్పుడు మన మనస్సు ఆ ముగ్గురి వైరాగ్యమునందే నిలుచును గాని, సంజయుడు ఏ దారిని బయటపడెనని అడుగ తోచదు. కొండలెక్కుట, అడవులలో నడచుట వినోదముగా పెట్టుకొన్న నేటివారు అడుగవలసిన ప్రశ్న అదియే.

కొండపై మంటకును మనిషికిని సమానమైన పందెము లేదు. వాలుమీద మంట ఎగువకు వంగి, ఇంకను తాను తాకని గడ్డిని సైతము తన వేడిచే ఎండించి, అంటుకొనుటకు సిద్ధపరచును. నేల 10 డిగ్రీలు నిక్కినచో ఎగువకు ప్రాకు మంట వేగము రెట్టింపగుననియు, 20 డిగ్రీలైనచో నాలుగింతలగుననియు ఆస్ట్రేలియాలో అగ్నిమాపకులకు నేర్పెడు లెక్క. అదే వాలుమీద మనిషి ఆయాసముతో అడుగు తీసి అడుగు వేయుచుండును.

ఈ సత్యము ఎంత క్రూరమైనదో 1949 ఆగస్టు 5వ తేదీన అమెరికాలోని మోంటానా రాష్ట్రమున తేటపడినది. మిస్సోరీ నది యొడ్డున మాన్ గల్చ్ అను లోయలో అడవి అంటుకొనగా, దానిని ఆర్పుటకు 15 మంది విమానమునుండి ప్యారాచూటులతో దిగిరి. అడవి కావలివాడొకడు వారితో కలిసెను. లోయ కావలి ప్రక్కన నున్న మంట, వారు నదివైపు నడచుచుండగా, దిగువన ఈవలి ప్రక్కకు దుమికెను. అందరును వెనుదిరిగి, ఎండుగడ్డి నిండిన నిట్టవాలున పైకి పరుగిడిరి. మంట తరుముకొని వచ్చుచుండెను. అప్పుడు నాయకుడు వాగ్నర్ డాడ్జ్ నిలిచి, అగ్గిపుల్ల గీచి, తన ముందున్న గడ్డికే నిప్పంటించెను. అది కాలిపోగా మిగిలిన బూడిదలో బోర్లపడి, నీటితో తడిపిన రుమాలును మూతికి అడ్డము పెట్టుకొని, మిగిలినవారిని రమ్మని కేకవేసెను. ఒక్కడును రాలేదు. నిప్పునుండి పారిపోవుచున్నవారికి, నిప్పు పెట్టుచున్నవాడు పిచ్చివానివలె కనబడుట వింతగాదు. ఇద్దరు మాత్రము శిఖరముననున్న రాతిగోడలోని నెఱియ గుండా ఆవలికి పోయి బ్రతికిరి. 13 మంది మరణించిరి. డాడ్జ్ బూడిదలోనుండి లేచి నిలిచెను.

యాత్రికులు జేబులో అగ్గిపెట్టె పెట్టుకొని ఆ సాహసమును అనుకరింపరాదు. ఆ నిప్పు గాలి తిరిగినచో ఎవరిని కాల్చునో చెప్పలేము. గ్రహింపవలసినది ఒక్కటే: కాలిన నేల మరల కాలదు. మంట వెడలిపోయి నల్లబడిన చోటు కంటికి భయంకరమైనను, పచ్చని పొదకంటె అదియే ఆశ్రయము.

తమిళనాడులోని తేని జిల్లాలో, కురంగని కొండలమీద, 2018 మార్చి 11వ తేదీన కార్చిచ్చులో చిక్కినవారు అగ్నిమాపకులు కారు. సెలవుదినమున కొండ చూడవచ్చిన యువతీయువకులు. ఇరువదిమందికి పైగా అసువులు బాసిరి. మార్చి అనగా గడ్డి పూర్తిగా ఎండిన కాలము. మన నల్లమలలోను రాలిన ఆకు మోకాలిలోతున గలగలలాడు ఋతువది.

ఆస్ట్రేలియావారు ఈ విద్యను చాల మూల్యము చెల్లించి నేర్చుకొనిరి. 2009 ఫిబ్రవరి 7వ తేదీన విక్టోరియా రాష్ట్రమున 173 మంది మరణించిరి. ఆనాడు వాయవ్యమునుండి వీచిన వడగాలి సాయంకాలము నైరృతికి తిరిగినది; అంతవరకు సన్నగా సాగిన మంట యొక్క పొడవైన ప్రక్కభాగము ఒక్కసారిగా ముఖమైనది. కనుకనే అక్కడ అగ్నిప్రమాదమును నాలుగు మెట్లుగా ముందే ప్రకటించుట, ఘోరదినములలో అనేక వనములను మూసివేయుట. వెళ్ళువారు తమ దారిని, తిరిగివచ్చు వేళను ఇంటివారికి తెలిపి, ఉపగ్రహముద్వారా ఆపదను తెలుపు చిన్న యంత్రమును వెంటగొనుట మంచిదని చెప్పుదురు. టిక్కెట్లు కొని, సెలవు పెట్టి వచ్చిన బృందమును వెనుకకు మరల్చుట మాత్రము మంటనార్పుటకంటె కష్టము.

చిక్కుకొన్నచో దిగువకు, ప్రక్కకు, కాలిన నేలకో, ఏటికో, పిచ్చిమొక్కలులేని బాటకో పోవలెను. ఆ సమయము లేనిచో బండనో, పడిన మ్రానునో మంటకు అడ్డముగా చేసికొని, నేలకు ముఖమానించి పడుకొనవలెను. మనిషిని చంపునది తరచుగా జ్వాల కాదు, దానికి ముందు వచ్చు వేడి. నూలుగాని, ఉన్నిగాని శరీరమంతయు కప్పవలెను. నేటి యాత్రికులు ముచ్చటపడి తొడుగు రంగురంగుల నైలాను ఆ వేడికి కరగి చర్మమునకు అంటుకొనును. మన తాతల ముతక కంబళియే నయము.

మాన్ గల్చ్‌లో ఆ 13 మంది పడినచోట్ల స్మారకచిహ్నములు నిలిపిరి. నేటికిని నడకయాత్రికులు ఆ వాలునెక్కి వాటిని చూచి వత్తురు.