214 రోజుల స్ట్రీక్ ఉన్నా పదికి 5 తప్పు! శాట్ పదాల కోసం ఫోన్‌ని మేం ఎలా మార్చి వాడామంటే..

మా బాబాయ్ కూతురు ఇంటర్ సెకండియర్. డిగ్రీ నుంచే అమెరికాలో చదవాలని తన ప్లాన్. అందుకే ఎంసెట్ పుస్తకాల పక్కనే శాట్ పుస్తకం కూడా పెట్టుకుంది. దసరా సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు "అన్నయ్యా, ఇది చూడు" అంటూ ఫోన్ నా చేతికిచ్చింది. ఒకాబులరీ యాప్ అది. 214 రోజుల స్ట్రీక్, ఒక్క రోజు కూడా బ్రేక్ లేదు. 1,180 పదాల పక్కన ‘మాస్టర్డ్’ అని ఆకుపచ్చ టిక్కులు.

ఆ సాయంత్రమే నా ల్యాప్‌టాప్‌లో బ్లూబుక్ ఇన్‌స్టాల్ చేశా. శాట్ పరీక్ష జరిగేది ఈ యాప్‌లోనే. ఫుల్ లెంగ్త్ ప్రాక్టీస్ టెస్టులు కూడా అందులో ఫ్రీగా ఉంటాయి. ఒకటి రాయించి, పదాల ప్రశ్నలు మాత్రం విడిగా లెక్కపెట్టా. 10 ఉంటే 5 తప్పు. తప్పు పోయిన వాటిలో మూడింటికి ఆ యాప్‌లో ఆకుపచ్చ టిక్కు ఉంది. మిగతా రెండు పదాలు యాప్‌లో అసలు లేనే లేవు. ఎందుకంటే అవి మనం రోజూ వాడే పదాలు, లిస్టులో పెట్టాలని ఎవరికీ అనిపించదు.

బాబాయ్ పక్కనే కూర్చుని ఉన్నాడు, ఏమీ అనలేదు. శాట్ స్కోరు చూసి మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చే యూనివర్సిటీలు కొన్ని ఉన్నాయి. అది వస్తే ఊళ్లో ప్లాట్ ఉంటుంది, రాకపోతే అమ్మకానికి పెట్టాలి. ఇంట్లో ఎవరూ పైకి అనరు గానీ, అందరికీ తెలిసిన లెక్కే ఇది.

ఆ టిక్కుల కథ నాకు బాగా తెలుసు. బీటెక్ ఫైనలియర్‌లో జీఆర్ఈ కోసం నేనూ అదే పని చేశా. బస్సులో, క్యాంటీన్‌లో, ల్యాబ్‌లో వెనక కూర్చుని కార్డులు తిప్పడమే పని. పరీక్షలో పదం కనిపించగానే లిస్టులో ఉన్న అర్థం టక్కున గుర్తొచ్చేది. వాక్యం మాత్రం బుర్రకెక్కేది కాదు. వెర్బల్‌లో 146 వచ్చింది. ఎమ్మెస్‌కి వెళ్లకుండా ఉద్యోగంలో చేరడానికి అదొక్కటే కారణం కాదు, కానీ కారణాల్లో అదీ ఒకటి.

పరీక్ష మారింది, లిస్టులు మారలేదు

ఒకప్పుడు శాట్‌లో వ్యతిరేక పదాలు నేరుగా అడిగేవాళ్లు. 1994లో అవి పోయాయి. రెండు పదాల జతల్ని పోల్చే అనాలజీలు 2005లో పోయాయి. అప్పటి సెంటెన్స్ కంప్లీషన్ ప్రశ్నలు 2016లో పోయాయి. ఆ తర్వాత డిజిటల్ శాట్ వచ్చింది: 2023 మార్చిలో మన లాంటి బయటి దేశాలకి, 2024 మార్చిలో అమెరికాకి.

ఇప్పుడు రీడింగ్ అండ్ రైటింగ్‌లో 54 ప్రశ్నలు, 64 నిమిషాలు. అంటే ప్రశ్నకి సుమారు 71 సెకన్లు. ఇవి 27 చొప్పున రెండు మాడ్యూల్స్‌గా వస్తాయి. మొదటి మాడ్యూల్ ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది కష్టంగా ఉండాలా, తేలిగ్గా ఉండాలా అనేది డిసైడ్ అవుతుంది. పదాల ప్రశ్నలు ప్రతి మాడ్యూల్ మొదట్లోనే ఉంటాయి. ప్రతి ప్రశ్నకీ 25 నుంచి 150 పదాల చిన్న పేరా ఒకటి ఇస్తారు. అందులో ఖాళీ పెట్టి సరిగ్గా ఏ మాట అక్కడ ఇముడుతుందో అడుగుతారు, లేదా ఒక పదం ఇచ్చి ఈ పేరాలో దాని అర్థం ఏమిటని అడుగుతారు. నాలుగు ఆప్షన్లూ మీకు తెలిసిన పదాలే కావచ్చు. తెలియాల్సింది వాటి అర్థాలు మాత్రమే కాదు, ఆ పేరా వాటిలో దేన్ని ఒప్పుకుంటుందన్నది.

మన తెలుగులోకి వచ్చేసిన ఇంగ్లిషే అసలు ట్రాప్

చెల్లి తప్పుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే నాకో విషయం తట్టింది. కష్టమైన పదాల కన్నా, మనం తెలుగులో కలిపేసుకున్న ఇంగ్లిష్ పదాలే ఎక్కువ దెబ్బ కొడుతున్నాయి. ఒక పదాన్ని మన మాటల్లోకి తెచ్చుకునేటప్పుడు దాని అర్థాలన్నీ తెచ్చుకోం కదా, ఒక్కటే తెచ్చుకుంటాం. మిగతావి అక్కడే వదిలేస్తాం. చిన్నప్పటి నుంచి ఆ ఒక్క అర్థంతోనే వింటాం కాబట్టి, ఇంకోటి ఉంటుందన్న డౌట్ కూడా రాదు.

డిస్కౌంట్ అంటే మనకి పండగ సేల్‌లో వచ్చేది. ఒక చరిత్రకారుడు పాత ఉత్తరాల సాక్ష్యాన్ని ‘డిస్కౌంట్’ చేశాడంటే మాత్రం, దాన్ని లెక్కలోకి తీసుకోలేదని. నావెల్ అంటే నవల. ‘నావెల్ అప్రోచ్’ అంటే ఇంతకుముందు ఎవరూ చేయని కొత్త పద్ధతి. ఎకానమీ అంటే టీవీ చర్చల్లో వినేది. ఒక కవిలో ‘ఎకానమీ’ ఉందంటే ఆయన మాటల్ని పొదుపుగా వాడతాడని. అరెస్ట్ అంటే పోలీసులు చేసేది. ‘అరెస్టింగ్’ పెయింటింగ్ అంటే చూపు తిప్పుకోనివ్వనిది.

వీటిలో నాకు బాగా ఇష్టమైనది క్వాలిఫై. ‘ఎంసెట్ క్వాలిఫై అయ్యాడా?’ అన్నదే మనకి తెలిసిన వాడకం. ప్రాక్టీస్ టెస్టు ప్రశ్నని ఇక్కడ దించడం ఇష్టం లేదు, అదే తరహాలో నేనే ఒకటి చెప్తా. ఒక సైంటిస్ట్ కొత్త కొలతల పద్ధతిని మెచ్చుకుంది, కానీ తన మద్దతుని ‘క్వాలిఫై’ చేసింది. చలి ప్రాంతాల్లో అది పనిచేస్తుందో లేదో ఇంకా తేలాలంది. ఇక్కడ ఆ పదానికి పాస్ అవడంతో సంబంధం లేదు. మద్దతుకి ఒక హద్దు పెట్టిందని అర్థం. ఆ క్లూ ఎక్కడుంది? ‘కానీ’లో సగం, చలి ప్రాంతాల మాటలో మిగతా సగం. ఈ వాక్యం చెప్పి అడిగితే మా చెల్లి ‘అర్హత సాధించింది’ అంది. నిజం చెప్పాలంటే, బీటెక్‌లో నన్నడిగినా అదే చెప్పేవాడిని.

ఫోన్ పని: వాక్యాలు పోగెయ్యడం

కాబట్టి స్ట్రీక్ యాప్ పక్కన పెట్టి, ఆంకీకి మారాం. ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ ఫ్రీ, ఓపెన్ సోర్స్ కూడా. కంప్యూటర్‌లోనూ ఫ్రీనే. ఐఫోన్ అఫీషియల్ యాప్‌కి మాత్రం డబ్బులు కట్టాలి. యాప్ మారినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు, కార్డు మారాలి. ముందు వైపు పదం ఉండకూడదు. ఆ పదం ఉన్న చోట ఖాళీ పెట్టి, చదువుతుంటే దొరికిన వాక్యం మొత్తం ఉండాలి. వెనక వైపు జవాబు, ఆ వాక్యంలో దాని అర్థం మన సొంత తెలుగులో.

వాక్యాలు ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు పని. ఆంకీడ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ‘ఆంకీ కార్డ్’ అని ఒక మెనూ ఆప్షన్ ఉంటుంది, ఆన్ చేసుకోండి. బ్రౌజర్‌లో ఏదైనా ఆర్టికల్ చదువుతూ, తెలియని పదాన్ని కాకుండా మొత్తం వాక్యాన్ని సెలెక్ట్ చేస్తే, కాపీ, షేర్ పక్కన అది కూడా కనిపిస్తుంది. నొక్కితే ఆ వాక్యం నేరుగా కొత్త కార్డులోకి వచ్చేస్తుంది.

రెండో దారి కాస్త నాలాంటి వాళ్ల కోసం. నా డ్రాయర్‌లో ఒక పాత కిండిల్ పడి ఉంది. అందులో ఒకాబులరీ బిల్డర్ అనే ఫీచర్ గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. చదువుతూ ఒక పదం మీద నొక్కి పట్టి డిక్షనరీ చూస్తే చాలు, ఆ పదంతో పాటు అది ఉన్న వాక్యం కూడా లోపల సేవ్ అవుతుంది. యూఎస్‌బీ పెట్టి, సిస్టమ్ ఫోల్డర్‌లో ఒకాబులరీ అనే ఫోల్డర్‌లోకి వెళ్తే ‘ఒకాబ్.డీబీ’ అని ఒక ఫైల్ కనిపిస్తుంది. అది మామూలు ఎస్‌క్యూలైట్ డేటాబేస్. ‘లుకప్స్’ టేబుల్‌లో ‘యూసేజ్’ కాలమ్ తెరిచి చూడగానే భలే సరదా వేసింది, మా చెల్లి ఆగిపోయిన వాక్యాలన్నీ వరసగా ఉన్నాయి. చిన్న పైథాన్ స్క్రిప్ట్‌తో సీఎస్‌వీ చేసి ఆంకీలోకి ఇంపోర్ట్ చేశా. ట్రై చేస్తే ముందు ఆ ఫైల్‌ని కాపీ చేసుకుని కాపీ మీదే ఆడండి, ఒరిజినల్ ముట్టుకోకండి.

చదవడానికి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో పాత కథలు, నవలలు ఫ్రీగా దొరుకుతాయి. శాట్‌లో సాహిత్యం, చరిత్ర, సైన్స్ అన్నీ వస్తాయి కాబట్టి ఒక రోజు కథ, ఒక రోజు సైన్స్ ఆర్టికల్ అనుకున్నాం. ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే నిమిషంలో 50 వాక్యాలు ఇస్తుంది కదా అంటారా? అదీ చేసి చూశాం. మాకు వచ్చిన వాక్యాలు మరీ శుభ్రంగా ఉన్నాయి, క్లూ ఎదురుగా వచ్చి చేయి ఊపుతుంది. అసలు రచయితలు అంత దయ చూపించరు.

మూడు వారాలు గడిచాక ఒక బగ్ బయటపడింది. కార్డు రావడమే ఆలస్యం, రెండు సెకన్లలో చెల్లి జవాబు చెప్పేస్తోంది. డౌట్ వచ్చి వాక్యం మధ్యలో ఒక మాట మార్చి, అర్థం తిరగబడేలా చేసి పెట్టా. అయినా పాత జవాబే చెప్పింది! మొదటి మూడు మాటలు చూసి కార్డుని గుర్తుపడుతోంది తప్ప చదవట్లేదు. మెషీన్ లెర్నింగ్ చదివిన వాళ్లకి ఇది తెలిసిన జబ్బే, ఓవర్‌ఫిట్టింగ్. ట్రెయినింగ్ డేటాలో 100 శాతం, కొత్త డేటా ఇస్తే సున్నా. అప్పటి నుంచి ఒక పదానికి కనీసం మూడు వేర్వేరు చోట్ల దొరికిన మూడు వాక్యాలు పెట్టాలని రూల్ పెట్టుకున్నాం. మూడూ దొరికేదాకా ఆ పదం డెక్‌లోకి రాదు. దాంతో రోజుకి 20 కొత్త పదాలు కాస్తా ఐదారుకి పడిపోయాయి. చెల్లి మొదట ఒప్పుకోలేదు. లెక్క తగ్గుతుంటే చదువుతున్నట్టే లేదంది.

సెట్టింగ్స్ గురించి ఒక్క మాట. 2023 చివర్లో ఆంకీలోకి ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త షెడ్యూలర్ వచ్చింది, డెక్ ఆప్షన్స్‌లో ఆన్ చేసి వదిలేయండి. గుర్తుండాల్సిన శాతం డీఫాల్ట్‌గా 90 ఉంటుంది, అదీ కదపక్కర్లేదు. నేను ఒక ఆదివారం మొత్తం ఆ నంబర్లు తిప్పుతూ కూర్చున్నా, ఆ రోజు ఒక్క కార్డు కూడా చూడలేదు.

ట్యాబ్ కొనే ముందు ఆగండి

ఫోన్ పని అంతవరకే. బ్లూబుక్ ఫోన్‌లో నడవదు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో కూడా నడవదు, శాట్ కోసమని కొనబోతుంటే ఆ డబ్బు దాచుకోండి. విండోస్ ల్యాప్‌టాప్, మ్యాక్, ఐప్యాడ్ అయితే పర్లేదు. క్రోమ్‌బుక్ అయితే స్కూల్ మేనేజ్ చేసేదై ఉండాలి. కాలేజ్ బోర్డ్ వాళ్ల క్వశ్చన్ బ్యాంక్‌లో ‘వర్డ్స్ ఇన్ కాంటెక్స్ట్’ అని ఫిల్టర్ పెట్టి పదాల ప్రశ్నలు మాత్రమే తీసుకోవచ్చు. వారాంతాల్లో అవి ల్యాప్‌టాప్‌లో చేయించా.

ప్రశ్న చేసేటప్పుడు ఒకటే షరతు. ఆప్షన్లు చేత్తో మూసి, ఖాళీలో ఏ మాట పడాలో ముందు తెలుగులో చెప్పాలి. ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలని చాలామంది అంటారు. నాకు అది నచ్చదు. ఇంగ్లిష్‌లో అయితే తను నోటికొచ్చిన పెద్ద పదం ఏదో అనేసేది. తెలుగులో ‘పట్టించుకోలేదు’, ‘ఒప్పుకుంది గానీ పూర్తిగా కాదు’ అని చెప్పాల్సి వచ్చేసరికి, పేరా రెండోసారి చదవక తప్పేది కాదు. ఆ మాటకి సరిపోని ఆప్షన్లని బ్లూబుక్‌లో కొట్టేసే టూల్ ఉంది, అదీ అలవాటు చేసుకోవాలి.

నవంబర్ చివర్లో ఇంకో ప్రాక్టీస్ టెస్టు రాసింది, ఈసారి పదాల ప్రశ్నల్లో 2 తప్పు. డిసెంబర్‌లో అసలు పరీక్ష. రీడింగ్ అండ్ రైటింగ్‌లో 800కి 680 వచ్చాయి. తను 720 అనుకుంది. అప్లికేషన్లు వెళ్లిపోయాయి, స్కాలర్‌షిప్ జవాబులు ఇంకా రావాలి. బాబాయ్ ప్లాట్‌కి అమ్మకం బోర్డు అయితే ఇంకా పెట్టలేదు.

ఆ పాత యాప్ ఇంకా తన ఫోన్‌లోనే ఉంది. స్ట్రీక్ పోయిందని రోజూ రాత్రి తొమ్మిదింటికి ఏడుపు మొహం నోటిఫికేషన్ పంపుతుంది. తీసేయమంటే "ఉండనీ అన్నయ్యా, అది ఏడ్చినప్పుడే నేను కార్డులు తీస్తున్నా" అంటోంది.