మీకు తెలుసా? ల్యాప్‌టాప్ కర్సర్ మొరాయిస్తే టచ్‌ప్యాడ్ తప్పు కాకపోవచ్చు!

• మామూలు టచ్‌ప్యాడ్‌లో కర్సర్‌ను కదిలించేది వేలి ఒత్తిడి కాదు. పైపొర కింద సన్నని ఎలక్ట్రోడ్ల వల ఉంటుంది. వేలు తగలగానే అక్కడి విద్యుత్ క్షేత్రం మారుతుంది. ఆ మార్పును బట్టే కర్సర్ కదులుతుంది. అందుకే గోటితో గీస్తే పలకదు, చెమట చేత్తో ముట్టుకుంటే ఎటో దూకుతుంది. ల్యాప్‌టాప్ ఆపేసి, తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో తుడిచి చూడండి.

• ఛార్జింగ్ పెట్టినప్పుడే కర్సర్ వణుకుతోందా? అయితే ముందు ఛార్జర్‌నీ, గోడమీది సాకెట్‌నీ అనుమానించాలి. నాసిరకం ఛార్జర్, ఎర్తింగ్ లేని సాకెట్ వల్ల పుట్టే విద్యుత్ అలజడి టచ్‌ప్యాడ్ కొలతల్ని చెడగొడుతుంది. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. కుదురుగా ఉంటే దోషం బయటే ఉంది. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల కన్వర్టర్‌లో గుచ్చితే ఎర్త్ తెగిపోతుందని చాలామంది గమనించరు.

• అన్నిటికన్నా ముఖ్యమైనది బ్యాటరీ. చాలా ల్యాప్‌టాప్‌లలో అది టచ్‌ప్యాడ్ కిందో, పక్కనో ఉంటుంది. లిథియం అయాన్ బ్యాటరీ పాతబడి, వేడికి గురైతే లోపలి ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి. సెల్ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను పైకి నెడుతుంది. క్లిక్ బిగుసుకుపోతుంది, లేదా నొక్కకుండానే క్లిక్ అవుతుంది. టచ్‌ప్యాడ్ మీద అడ్డంగా స్కేలు పెట్టి చూడండి, మధ్యలో ఎత్తుగా ఉందేమో. సమతలంగా ఉన్న బల్లమీద ల్యాప్‌టాప్ ఊగుతుందేమో. ఇవి కనిపిస్తే వెంటనే ఆపేయండి. ఛార్జింగ్ పెట్టొద్దు, ఉబ్బును అదమొద్దు, గుచ్చొద్దు. నిప్పంటుకునే ప్రమాదం ఉంది. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ కేంద్రానికి ఇవ్వండి.

• థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్ కీబోర్డు మధ్యలోని ఎర్ర బుడిపె వల్ల కర్సర్ తనంతట తానే ఒకవైపు జారుతుంటే చెయ్యి తీసి కాసేపు వదిలేయండి. అది తన సున్నా స్థానాన్ని తానే సరిచేసుకుంటుంది.

• టచ్‌స్క్రీన్ ఉన్న ల్యాప్‌టాప్‌లో తెర పాడైనా కర్సర్ దూకుతుంది. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో టచ్‌స్క్రీన్‌ను ఆఫ్ చేస్తే తేలిపోతుంది.

• టచ్‌ప్యాడ్‌లకు పేరొందిన సినాప్టిక్స్‌ను 1986లో స్థాపించిన ఇద్దరిలో ఒకరు ఫెడెరికో ఫాజిన్. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 మైక్రోప్రాసెసర్ రూపకర్తల్లో ఆయన ముఖ్యుడు.

రిపేరు షాపులో కొత్త టచ్‌ప్యాడ్ వేయాలని చెబితే, ఒప్పుకునే ముందు వెనక మూత విప్పించి బ్యాటరీని మీ కళ్లతో చూడండి.