బడి కప్పు చెప్పే కబుర్లు

రండర్రా, చాప మీద సర్దుకుని కూర్చోండి. ఈ వాన ఇప్పట్లో వదిలేలా లేదు. మన జగదల్‌పూర్‌లో మబ్బు పట్టిందంటే ఇంద్రావతి ఎర్రబడేదాకా కురుస్తుందని మీకు తెలుసు కదా. బడికి హఠాత్తుగా సెలవిస్తే ఎగిరి గంతేస్తారు మీరు. ఇంగ్లండ్ పిల్లలకు ఒకసారి అలాంటి సెలవే వచ్చింది, 2023లో. వేసవి సెలవులు అయిపోయాయి, మూడు నాలుగు రోజుల్లో బళ్ళు తెరవాలి, పుస్తకాల సంచులు కూడా సర్దేసుకున్నారు. ఆగస్టు 31న ప్రభుత్వం నుంచి 104 బళ్ళకు కబురొచ్చింది: ఫలానా రకం కప్పున్న గదుల్లోకి ఎవరూ అడుగు పెట్టొద్దని. ఆ ఏడాది అప్పటికే మరో 52 బళ్ళను ఇలాగే హెచ్చరించారు. కొన్నిచోట్ల రెండు మూడు గదులకు తాళం వేస్తే సరిపోయింది. కొన్నిచోట్ల బడంతా మూసి, పిల్లల్ని వేరే బళ్ళకో, డేరాల్లోకో, మళ్ళీ ఆ కరోనా నాటి ఆన్‌లైన్ పాఠాలకో పంపారు. తర్వాత వెతుకుతూ పోయేసరికి అలాంటి బళ్ళు 230 దాటాయి.

ఏమిటంత భయం ఆ కప్పులో? అందులో ఉన్నదంతా గాలి! 1920లలో స్వీడన్‌లో యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ అనే వాస్తుశిల్పి ఒక చిత్రమైన కాంక్రీటు కనిపెట్టాడు. అమ్మ ఇడ్లీ పిండి పులియబెట్టి, పొంగాక ఆవిరి మీద ఉడికిస్తుంది చూడండి, ఇంచుమించు అదే పని. మెత్తటి ఇసుక, సున్నం, సిమెంటు నీళ్ళతో కలిపి, చిటికెడు అల్యూమినియం పొడి వేస్తారు. సున్నమూ అల్యూమినియమూ కలిసి చర్య జరిగి హైడ్రోజన్ బుడగలు లేస్తాయి, ముద్ద పొంగుతుంది. దాన్ని పలకలుగా కోసి, పెద్ద ఇనుప పాత్రలో బాగా ఒత్తిడి మీద ఆవిరి పడతారు. చేతిలోకి తీసుకుంటే లోపలంతా సన్నసన్నని తొర్రలు. కంకర అసలే ఉండదు. బరువు మామూలు కాంక్రీటులో మూడో వంతుకు మించదు. చవక, తేలిక, వేడి లోపలికి రానివ్వదు. యుద్ధం తర్వాత బళ్ళు గబగబా కట్టాల్సి వచ్చిన బ్రిటన్‌కు ఇది వరంలా దొరికింది. 1950ల నుంచి 1990ల నడిమి దాకా ఆ పలకల్లో ఇనుప చువ్వలు పెట్టి చదును కప్పులకు పరిచేశారు.

మన వైజాగ్‌లో, హైదరాబాదులో గోడలకు తెల్లటి తేలిక ఇటుకలు వాడుతున్నారే, అవీ ఈ జాతివే. వాటిని చూసి కంగారు పడకండి. వాటిలో ఇనుము ఉండదు, నెత్తి మీద వేలాడే పనీ లేదు, గోడలో ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి అంతే. చిక్కంతా కప్పుకు వేసిన పలకలతోనే. చదును కప్పు మీద నీళ్ళు నిలుస్తాయి. తొర్రల్లోంచి చెమ్మ చువ్వదాకా దిగుతుంది. ముప్ఫై ఏళ్ళకు మించి నమ్మకూడదన్న పలకలు అంతకు చాలా ఎక్కువ కాలమే మోశాయి. పైగా ఇవి వంగి, బీటలు వారి, ముందుగా ఏదో ఒకటి చెప్పి కూలతాయన్న నమ్మకం లేదు. 2018లో కెంట్ ప్రాంతంలో ఒక ప్రాథమిక పాఠశాల కప్పు అలాగే కూలింది. ఆరోజు శనివారం కాబట్టి కింద ఎవరూ లేరు. 2023 వేసవిలో, ఫరవాలేదనుకున్న కప్పు కూడా ఒకటి కూలేసరికి, ఇక పిల్లల్ని వాటి కింద కూర్చోబెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సెలవుల చివర్లో ఆ హఠాత్తు తాళాలు అందుకే పడ్డాయి. అమ్మానాన్నలు విసుక్కున్నారు గానీ, తాళం వేసినవాళ్ళు మంచి పనే చేశారంటాను నేను.

మన వైపు బళ్ళ కప్పులు ఎక్కువగా మేస్త్రీలు సెంట్రింగ్ కొట్టి అక్కడికక్కడే పోసిన స్లాబులు. వీటి జబ్బు వేరు, దాని కథ మన ఊరి స్టేషన్‌లోనే కనిపిస్తుంది. బైలాడిల్లా గనుల నుంచి విశాఖపట్నం పోయే గూడ్సు బండి చూశారుగా, వ్యాగన్ల నిండా ఎర్రటి ఖనిజం. ఎందుకు ఎర్రగా ఉంది? అందులోని ఇనుము ఆక్సిజన్‌తో జతకట్టి ఉంది కాబట్టి. ఇనుముకు అదే ఇష్టమైన స్థితి. మనం కొలిమిలో పెట్టి, బొగ్గుతో ఆ ఆక్సిజన్‌ను లాగేసి, చువ్వలు చేసుకుంటాం. కాస్త గాలీ, కాస్త చెమ్మా దొరికితే చాలు, ఆ చువ్వ మళ్ళీ ఎర్రబడటం మొదలుపెడుతుంది. తుప్పంటే ఇనుము తన కొండకు తిరుగు ప్రయాణం కట్టడమే!

మరి స్లాబులో చువ్వ ఇన్నేళ్ళు ఎలా నిలుస్తుంది? సిమెంటులోని సున్నం కాపాడుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది కదా, సున్నానికి ఉన్న ఆ క్షారగుణమే చువ్వ చుట్టూ కంటికి కనిపించని సన్నని పొర కట్టి తుప్పును ఆపుతుంది. కానీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి లోపలికి దిగి ఆ సున్నాన్ని సుద్దగా మార్చేస్తుంది. ఇంజినీర్లు పాత స్లాబును కొంచెం చెక్కి ఫినాఫ్తలీన్ చల్లుతారు. గులాబీ రంగు వస్తే సున్నం బలం ఇంకా ఉన్నట్టు. రంగు రాకపోతే అక్కడ చువ్వకు కాపలా లేనట్టు. ఆ రంగు మారడం ఒక్కసారి మీ కళ్ళతో చూడాలర్రా, ఎంత బాగుంటుందో!

తుప్పు పట్టిన చువ్వ ఊరుకోదు, ఉబ్బుతుంది. అసలు ఇనుము కన్నా రెండు రెట్లకు పైనే చోటు అడుగుతుంది. చోటు లేక కింది కాంక్రీటును తోసేస్తుంది. ముందు చువ్వ వెంబడే సన్నని బీట, తర్వాత కొడితే డొల్ల చప్పుడు, ఆపైన పెచ్చులు రాలడం. కురిసే స్లాబు కింద తెల్లటి చారలు, చిన్న చిన్న సున్నపు ఊడలు కూడా చూసే ఉంటారు. కాంగేర్ లోయలో మన కోటుమ్‌సర్ గుహలో పైనుంచి వేలాడే ఊడలూ సున్నపువే. నీళ్ళు సున్నపురాయిని కరిగించుకొచ్చి చుక్కచుక్కగా అక్కడ పేర్చాయి. వాటికి వేల ఏళ్ళు పట్టింది. గుహలో ఊడలు అందమే గానీ, బడి కప్పుకు కనిపిస్తే మాత్రం నీళ్ళు స్లాబులోంచి సున్నం మోసుకుపోతున్నాయని అర్థం.

కప్పు చెప్పే మాట వినకపోతే ఏమవుతుందో చెబుతాను, 2025 జులై 25 తేదీ గుర్తుపెట్టుకోండి. రాజస్థాన్‌లో ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ ఊళ్ళో సర్కారు బడి పొద్దున్నే కూలింది. ఏడుగురు పిల్లలు పోయారు. మీ ఈడు వాళ్ళే. పైనుంచి గులకరాళ్ళు రాలుతున్నాయని పిల్లలు ముందే చెప్పారని, ఎవరూ పట్టించుకోలేదని పత్రికలు రాశాయి. చదివినప్పటి నుంచి నాకు ఆ మాట మనసులోంచి పోవడం లేదు. ఆ కప్పు బలమెంతో పిల్లలు లెక్కగట్టలేదు, కళ్ళతో చూశారు, చెప్పారు. కూలే ముందు ఇంతకన్నా స్పష్టంగా ఏ భవనం చెబుతుంది?

మన స్లాబులు కట్టేటప్పుడు చేసే తప్పులు పెద్ద రహస్యమేమీ కాదు. ముద్ద సులువుగా జారాలని బకెట్టు నీళ్ళు ఎక్కువ పోస్తారు. ఆ నీళ్ళు ఆరాక తొర్రలే మిగులుతాయి. చువ్వల కింద కవర్ బ్లాకులు పెట్టరు, కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పి ఉండాల్సిన చువ్వ పైపైనే తేలిపోతుంది. పోసిన స్లాబు మీద మట్టితో మడులు కట్టి కనీసం వారం, పది రోజులు నీళ్ళు నిలపాల్సింది, రెండు రోజులకే వదిలేస్తారు. కట్టిన తర్వాత చేసే తప్పు ఒకటుంది: కప్పు మీది నీటిగొట్టంలో ఆకులు అడ్డుపడినా, పిట్టగోడలో రావి మొక్క మొలిచినా ఎవరూ మెట్లెక్కి చూడరు.

పంతుళ్ళకూ, మీ అమ్మానాన్నలకూ నేను చెప్పేది ఇంతే. జూన్‌లో బళ్ళు తెరిచే ముందు ఒకసారి కప్పెక్కి ఆ గొట్టం శుభ్రం చేయించండి, రావి మొక్కను వేళ్ళతో సహా తీయించండి. వానాకాలంలో ఏ గదిలోనైనా పెచ్చు రాలిందని పిల్లవాడు చెబితే, పాఠం అక్కడే ఆపి అందర్నీ బయటికి పంపండి. ఇంజినీరు వచ్చి చూసేదాకా ఆ గదికి తాళం వేసి ఉంచండి, పాఠం వరండాలోనో పంచాయతీ భవనంలోనో చెప్పుకోవచ్చు.